సైన్స్ డేటాకి కోడ్ లిస్టులు ఎందుకు? (ఎపిసోడ్ పూర్తి పాఠం)

పోయిన ఎపిసోడ్‌లో మెటాడేటా అంటే ఏంటో మాట్లాడుకున్నాం. డేటా గురించి చెప్పే సమాచారమే మెటాడేటా. ఎవరు కొలిచారు, ఎక్కడ, ఎప్పుడు, ఏ పరికరంతో, ఏ యూనిట్‌లో. ఇవి రాసి పెట్టకపోతే ఎక్సెల్ షీట్‌లో ఉన్నవి ఉత్త అంకెలే అని చెప్పుకున్నాం. ఇవాళ దాని తర్వాతి మెట్టు ఎక్కుదాం. మెటాడేటా రాశాం, బాగానే ఉంది. కానీ ఏ మాటలతో రాశాం? మనం రాసిన మాట పదేళ్ల తర్వాత చదివేవాళ్లకి, మనం అనుకున్న అర్థంలోనే అందుతుందా? ఇవాళ్టి విషయం అదే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కంది పంట మీద నలుగురు వేర్వేరు చోట్ల పరిశోధన చేశారనుకోండి. నలుగురూ తమ డేటాని ఒకే భాండాగారంలో, అంటే డేటా రిపాజిటరీలో పెట్టారు. ఒకాయన కీవర్డ్ దగ్గర 'రెడ్‌గ్రామ్' అని రాశారు. మన దగ్గర వ్యవసాయ శాఖ కాగితాల్లో కనిపించేది ఆ మాటే. రెండో ఆయన అంతర్జాతీయ పత్రికల అలవాటు కొద్దీ 'పిజియన్ పీ' అన్నారు. మూడో ఆవిడ ఉత్తరాదిలో పనిచేశారు, 'అర్హర్' అన్నారు. నాలుగో ఆయన మార్కెట్ ధరలు చూసేవారు, 'తుర్' అని రాశారు. నలుగురూ చెప్పింది ఒక్క మొక్క గురించే. శాస్త్రీయ నామం కజానస్ కజాన్. ఎవరూ తప్పు రాయలేదు. కానీ రేపు ఒక అమ్మాయి పీహెచ్‌డీ కోసం 'పిజియన్ పీ' అని వెతికితే ఆమెకి దొరికేది ఆ నాలుగింట్లో ఒకటి. మిగతా మూడు ఉన్నాయన్న సంగతి కూడా ఆమెకి తెలియదు.

ఇది చిన్న నష్టం అనుకోకండి. ల్యాబ్‌లో చేసే ప్రయోగమైతే మళ్లీ చేసుకోవచ్చు. పొలంలో ఆ సంవత్సరం పడిన వాన, ఆ సంవత్సరం వచ్చిన తెగులు మళ్లీ రావు. సముద్రంలో ఆ రోజు ఉన్న వేడిని ఇంకో రోజు వెళ్లి కొలవలేం. ఆ కొలతకి జనం డబ్బు ఖర్చయ్యింది, ఎవరో ఎండలో నిలబడి రాసుకొచ్చారు. మాట కుదరక అది పనికిరాకుండా పోతే, ఆ రోజు కొలవనట్టే లెక్క.

రెండు రకాల జబ్బులు

మాటల దగ్గర వచ్చే ఇబ్బందులు స్థూలంగా రెండు. మొదటిది ఇప్పుడు చూశాం: ఒక వస్తువుకి పది పేర్లు. రెండోది దానికి తలకిందులు: ఒక పేరుకి పది వస్తువులు. ఈ రెండోది ఇంకా ప్రమాదం. ఎందుకంటే మొదటి దాంట్లో డేటా దొరకదు, అంతే. రెండో దాంట్లో దొరుకుతుంది, కానీ వేరే డేటా దొరుకుతుంది. మనకి తెలియకుండానే రెండూ కలిపేస్తాం.

'ఉష్ణోగ్రత' అనే మాటే తీసుకోండి. సముద్రం మీద పనిచేసేవాళ్లు ఒక ఫైల్‌లో 'టెంపరేచర్' అని కాలమ్ పెట్టారు. ఏ టెంపరేచర్? నీళ్లు ఉన్న లోతులోనే, ఉన్నది ఉన్నట్టుగా కొలిచిందా? లేక 'పొటెన్షియల్ టెంపరేచర్' అని ఇంకోటి ఉంది, అదా? లోతుకి వెళ్లేకొద్దీ పైనున్న నీటి బరువుకి కింది నీరు నొక్కుకుని కొంచెం వేడెక్కుతుంది. ఆ నీటిని బయటి వేడి తగలకుండా పైకి తెస్తే ఎంత ఉంటుందో లెక్కగట్టి చెప్పేది పొటెన్షియల్ టెంపరేచర్. 5,000 మీటర్ల లోతు దగ్గర ఈ రెండింటికీ తేడా దాదాపు అర డిగ్రీ. లోతు సముద్రంలో అర డిగ్రీ అంటే చాలా పెద్ద మాట. ఒక ఫైల్‌లో మొదటిది, ఇంకో ఫైల్‌లో రెండోది ఉండి, రెండు కాలమ్‌ల పేరూ 'టెంపరేచర్' అయితే, వాటిని కలిపి గ్రాఫ్ గీసినవాళ్లకి సముద్రం లేని మార్పు చూపిస్తుంది.

అందుకే వాతావరణం, సముద్రం డేటా వాళ్లు 'సీఎఫ్ స్టాండర్డ్ నేమ్స్' అని ఒక పట్టిక పెట్టుకున్నారు. అందులో సముద్రపు నీటి ఉష్ణోగ్రతకి ఒక పేరు, పొటెన్షియల్ టెంపరేచర్‌కి ఒక పేరు, కన్జర్వేటివ్ టెంపరేచర్‌కి ఇంకో పేరు ఉంటాయి. సముద్రం పైపొరకి కూడా ఒక్క పేరు సరిపోలేదు. ఉపగ్రహం చూసే పలచటి చర్మం లాంటి పొర ఉష్ణోగ్రత వేరు, పగటి ఎండ ప్రభావం తగలని కింది పొరది వేరు. దేనికి దానికి పేరు, ఆ పేరు పక్కన వివరణ. ఇంత గొడవ ఎందుకు అనిపించవచ్చు. కానీ ఆ గొడవ సముద్రంలోనే ఉంది. పట్టిక దాన్ని కాగితం మీద పెట్టింది, అంతే.

సరే, కోడ్ లిస్ట్ అంటే ఏంటి?

కంట్రోల్డ్ వొకాబ్యులరీ అనే మాట వినే ఉంటారు. నియంత్రిత పదజాలం. అంటే ఫలానా గడిలో నోటికొచ్చిన మాట రాయకూడదు, అందరూ ముందే ఒప్పుకున్న పట్టికలోంచి ఏరుకోవాలి అని. అందులో అన్నిటికన్నా సాదాసీదాది కోడ్ లిస్ట్.

మంచి కోడ్ లిస్ట్‌లో ప్రతి వరసకీ మూడు ఉంటాయి. ఒకటి కోడ్. ఇది కంప్యూటర్ కోసం. రెండోది లేబుల్, అంటే మనిషి చదువుకునే పేరు. మూడోది నిర్వచనం, అంటే ఈ మాటకి ఇక్కడ అర్థం ఇది అని ఒకటి రెండు వాక్యాలు. ఇక లిస్ట్ మొత్తానికి ఒక యజమాని ఉండాలి. 'ఇది మేం నడుపుతున్నాం, అనుమానం ఉంటే మమ్మల్ని అడగండి' అనే సంస్థ. ఈ నాలుగింట్లో జనం ఎక్కువగా వదిలేసేది నిర్వచనం. కానీ అసలు ప్రాణం అక్కడే ఉంది.

చూడండి, మ్యాపులు, ఉపగ్రహ చిత్రాలు, నేల, నీరు లాంటి భూగోళ డేటాకి ఐఎస్‌ఓ 19115 అని మెటాడేటా ప్రమాణం ఉంది. 2003లో వచ్చింది, 2014లో సవరించి 19115-1 అని తెచ్చారు. అందులో బోలెడు కోడ్ లిస్టులున్నాయి. ఒకటి, డేటాని ఎన్నాళ్లకోసారి తాజా చేస్తారు అనేది. అందులో రోజూ, వారానికోసారి, నెలకోసారి అని ఉంటాయి. వాటితో పాటు 'బైయాన్యువల్లీ' అని ఒకటుంది. ఈ ఇంగ్లీషు మాట చూసి సగం మంది 'ఏడాదికి రెండుసార్లు' అంటారు, సగం మంది 'రెండేళ్లకోసారి' అంటారు. ఇంగ్లీషు వాళ్లే తడబడే మాట అది. నిర్వచనం చూస్తే తేలిపోతుంది: ఏడాదికి రెండుసార్లు. తర్వాత 2014లో రెండేళ్లకోసారికి 'బైయెన్నియల్లీ' అని వేరే విలువ చేర్చారు. నిర్వచనం చదవకుండా డ్రాప్‌డౌన్‌లో పేరు చూసి నొక్కేస్తే, లిస్ట్ వాడి కూడా తప్పు చెప్పినట్టే అవుతుంది.

అదే ప్రమాణంలో ఇంకో లిస్ట్ ఉంది, 'రోల్ కోడ్' అని. ఈ డేటాతో ఈ మనిషికి ఉన్న సంబంధం ఏంటి అని చెప్పేది. 2003లో అందులో 11 పాత్రలున్నాయి: యజమాని, డేటాని కాపాడే సంరక్షకుడు, మొదట తయారు చేసినవారు, ప్రధాన పరిశోధకుడు, ప్రచురించినవారు, సంప్రదించాల్సినవారు, ఇలా. మామూలుగా మనం ఏం చేస్తాం? 'కాంటాక్ట్' అని ఒక గడి పెట్టి ఒక పేరు రాస్తాం. ఆ మనిషి డేటా కొలిచినవారా? డబ్బులిచ్చినవారా? ఇప్పుడు ఫైల్ దాచినవారా? రీసెర్చ్ స్కాలర్ చదువైపోయి వెళ్లిపోయాక ఆ ఈమెయిల్‌కి ఉత్తరం రాస్తే జవాబు రాదు. అదే సంరక్షకుడు ఎవరు, కొలిచింది ఎవరు అని విడివిడిగా రాసి ఉంటే, ఎవర్ని ఏం అడగాలో తెలుస్తుంది. కొలిచిన విద్యార్థికి దక్కాల్సిన పేరు కూడా దక్కుతుంది. 2014లో ఈ లిస్ట్ పెరిగింది. నిధులిచ్చినవారు, సహరచయిత, హక్కుదారు లాంటి పాత్రలు చేరాయి.

పెరిగింది అన్నాను కదా, అక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. కొన్ని లిస్టులు మూసేసినవి, కొన్ని తెరిచి ఉంచినవి. మూసేసిన దాన్ని 'ఎన్యూమరేషన్' అంటారు. ఉన్నవి ఇంతే, కొత్తవి కావాలంటే ప్రమాణాన్నే మార్చాలి. 2003 ప్రమాణంలో 'టాపిక్ కేటగిరీ' అలాంటిదే. వ్యవసాయం, జీవజాలం, సరిహద్దులు, వాతావరణం, సముద్రాలు అని మొత్తం 19 విభాగాలు. తెరిచి ఉంచినదే అసలైన 'కోడ్ లిస్ట్'. అవసరాన్ని బట్టి పద్ధతి ప్రకారం దానికి చేర్చుకోవచ్చు. మీరు సొంతంగా లిస్ట్ చేసేటప్పుడు ఈ ప్రశ్న ముందే వేసుకోండి. వారంలో రోజులు అయితే మూసేయొచ్చు, ఎనిమిదో రోజు రాదు. పరికరాల పేర్లయితే మూయకండి, వచ్చే ఏడాది కొత్తది వస్తుంది.

'28' అంటే ఏంటో చెప్పండి

ఇప్పుడు నేను మీకొక కోడ్ ఇస్తాను: 28. ఇది రాష్ట్రం కోడ్. ఏ రాష్ట్రం?

2011 జనాభా లెక్కల్లో 28 అంటే ఆంధ్రప్రదేశ్. అప్పటికి ఉమ్మడి రాష్ట్రం. 2014 జూన్ 2 తర్వాత తెలంగాణకి 36 వచ్చింది. ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఏ షాపుకైనా వెళ్లి బిల్లు మీద జీఎస్‌టీ నంబర్ చూడండి. మొదటి రెండంకెలు 37. తెలంగాణలో 36. అంటే ఒకే ఆంధ్రప్రదేశ్, ఒక లిస్ట్‌లో 28, ఇంకో లిస్ట్‌లో 37. పైగా 2011 నాటి ఫైల్‌లో 28 అంటే హైదరాబాద్ కూడా లోపలే ఉంది. కొత్త ఫైల్‌లో 28 అంటే హైదరాబాద్ లేదు. ఒక డేటాలో ఉత్త '28' అని ఉంటే, ఏ లిస్ట్, ఏ తేదీ నాటిది అని తెలియకుండా ఆ అంకె పూర్తి అర్థం చెప్పదు. జిల్లాల సంగతి ఇంకా చెప్పక్కర్లేదు. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022లో 26 అయ్యాయి. 'వరంగల్' అని రాసిన పాత వర్షపాతం ఫైల్, 'వరంగల్' అని రాసిన కొత్త ఫైల్ ఒకే నేల గురించి చెప్పవు.

ఇదే ఇబ్బంది సైన్స్ డేటాలో ఇంకా సూటిగా కనిపించే చోటు క్వాలిటీ ఫ్లాగ్. కొలిచిన ప్రతి విలువ పక్కన 'ఇది నమ్మొచ్చు', 'ఇది అనుమానం' అని చిన్న అంకె వేస్తారు. ఆర్గో అనే ప్రపంచ కార్యక్రమం గురించి మన హైదరాబాద్ వాళ్లకి కొంత తెలిసే ఉంటుంది. సముద్రంలో తేలే పరికరాలు, ఫ్లోట్లు అంటారు, సుమారు 10 రోజులకోసారి 2,000 మీటర్ల లోతు నుంచి పైకి వస్తూ వేడి, ఉప్పదనం కొలిచి ఉపగ్రహానికి పంపుతాయి. మన దేశం వదిలిన ఫ్లోట్ల డేటాని చూసేది హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్. ఆర్గో ఫైళ్లలో డేటా సెంటర్ కోడ్ దగ్గర 'ఐఎన్' అని ఉంటే అది ఇన్‌కాయిసే.

ఆర్గో లిస్ట్‌లో ఫ్లాగ్ 1 అంటే మంచి విలువ, 2 అంటే బహుశా మంచిదే, 4 అంటే చెడ్డది. ఇప్పుడు నౌకల మీంచి సీసాల్లో నీళ్లు తీసి పరీక్షించిన 'వోస్' కార్యక్రమం డేటా చూడండి. అక్కడ సీసా కొలతలకి 2 అంటే ఆమోదించిన మంచి విలువ. 1 అంటే నమూనా తీశాం, ఫలితం ఇంకా రాలేదు అని. యునెస్కో కింద ఉండే అంతర్జాతీయ సముద్ర డేటా కార్యక్రమం, ఐఓడీఈ, ఇచ్చిన ఫ్లాగుల్లో 2 అంటే ఇంకా పరీక్షించలేదు అని. ఒకే '2'. ఒక చోట మంచిది, ఒక చోట బహుశా మంచిది, ఇంకో చోట ఎవరూ చూడలేదు.

ఒక విద్యార్థి ఈ మూడింటినీ ఒక ఫోల్డర్‌లో వేసుకుని, 'ఫ్లాగ్ 1 ఉన్నవి మాత్రమే ఉంచు' అని ఒక్క లైన్ ప్రోగ్రామ్ రాశాడనుకోండి. నౌకల మీద ఏళ్ల తరబడి జాగ్రత్తగా కొలిచిన మంచి డేటా అంతా తుడుచుకుపోతుంది. కంప్యూటర్ ఎర్రర్ కూడా చూపించదు. ఎందుకంటే ప్రోగ్రామ్‌లో తప్పు లేదు, అంకె అర్థంలో ఉంది తేడా.

దీనికి మందు ఏంటంటే, కోడ్‌ని ఒంటరిగా రాయకూడదు. ఏ లిస్ట్‌లోని కోడ్ అన్నది కూడా పక్కనే రాయాలి. ఐఎస్‌ఓ 19115ని ఎక్స్‌ఎంఎల్‌లో రాసేటప్పుడు పద్ధతే అది. ప్రతి కోడ్‌కీ రెండు భాగాలుంటాయి. లిస్ట్ చిరునామా ఒకటి, ఆ లిస్ట్‌లోని విలువ ఒకటి. చాలామంది ఆ మొదటి భాగాన్ని ఎక్కడో నమూనాలోంచి కాపీ కొట్టి వదిలేస్తారు. అసలు పని చేసేది అదే.

ఇంకా మెరుగైన పద్ధతి, ప్రతి కోడ్‌కీ ఒక వెబ్ చిరునామా ఉండటం. బ్రిటన్‌లోని బ్రిటిష్ ఓషనోగ్రఫిక్ డేటా సెంటర్ 'ఎన్‌ఈఆర్‌సీ వొకాబ్యులరీ సర్వర్' అని ఒకటి నడుపుతుంది. అందులో పీ06 అనేది యూనిట్ల లిస్ట్. ఆ లిస్ట్‌లో 'యూపీఏఏ' అంటే డిగ్రీల సెల్సియస్. యూపీఏఏ అని చూస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు, నిజమే. కానీ దాని పూర్తి చిరునామా ఫైల్‌లో ఉంటే నొక్కగానే పేరు, నిర్వచనం, చరిత్ర అన్నీ వస్తాయి. మనిషికీ వస్తాయి, యంత్రానికీ వస్తాయి. ఆర్గో తన కోడ్ లిస్టులని కూడా ఈ సర్వర్ మీదే పెట్టింది.

కోడ్ ఇచ్చిన మాట తప్పకూడదు

సరే, లిస్ట్ ఉంది, చిరునామా ఉంది. ఇంకేం కావాలి? నిలకడ కావాలి. ఒకసారి ఇచ్చిన కోడ్‌ని ఇంకో అర్థానికి మళ్లీ వాడకూడదు. ఇది మొదటి నియమం.

ఈ నియమం తప్పితే ఏమవుతుందో దేశాల కోడ్‌లలో చూడొచ్చు. ఐఎస్‌ఓ 3166 లో 'సీఎస్' అనే రెండక్షరాల కోడ్ చెకోస్లోవాకియాది. 1993లో ఆ దేశం రెండుగా విడిపోయింది. 2003లో సెర్బియా-మాంటెనెగ్రో అనే దేశం పేరు వచ్చినప్పుడు అదే 'సీఎస్' దానికి ఇచ్చేశారు. 2006లో అదీ విడిపోయింది. ఇప్పుడు పాత ఫైల్‌లో 'సీఎస్' కనిపిస్తే ముందు తేదీ వెతకాలి. తేదీ లేదా, దేశం తెలియదు. అదృష్టం ఏంటంటే మూడక్షరాల కోడ్‌లు వేర్వేరుగా ఉన్నాయి. మొదటిది 'సీఎస్‌కే', రెండోది 'ఎస్‌సీజీ'.

రెండో నియమం: పేరు మారొచ్చు, అర్థం మారకూడదు. దీనికి మంచి ఉదాహరణ మనుషుల జన్యువుల పేర్లు. జన్యువులకి అధికారికంగా పేర్లు పెట్టే కమిటీ ఉంది, హెచ్‌జీఎన్‌సీ అంటారు. 'మార్చ్1', 'సెప్ట్1' అని కొన్ని జన్యువులకి పొట్టి పేర్లుండేవి. ఎక్సెల్‌లో ఈ పేర్లు టైప్ చేస్తే అది మార్చి 1, సెప్టెంబర్ 1 అనుకుని తేదీలుగా మార్చేసేది. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఎక్సెల్ జన్యు జాబితాలు జతచేసిన జినోమిక్స్ వ్యాసాల్లో దాదాపు ఐదో వంతులో ఇలాంటి తప్పులు కనిపించాయి. చివరికి కమిటీయే 'మార్చ్1'ని 'మార్చ్‌ఎఫ్1' అని, 'సెప్ట్1'ని 'సెప్టిన్1' అని మార్చింది. 2020లో దీని మీద మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. మరి పాత డేటా ఏమైంది? ప్రతి జన్యువుకీ పేరుతో సంబంధం లేని ఒక అంకెల ఐడీ ఉంది. పేరు మారినా ఆ ఐడీ మారలేదు. ఐడీ రాసుకున్నవాళ్లకి ఏ చిక్కూ లేదు. పేరు మాత్రమే రాసుకున్నవాళ్లు మళ్లీ కూర్చుని సరిచూసుకోవాలి.

మన బళ్ల నంబర్లు చూడండి. తెలంగాణలో 2014 నుంచి 'టీఎస్', 2024 నుంచి కొత్త బళ్లకి 'టీజీ'. అక్షరాలు మారాయి, రాష్ట్రం అదే. పాత బళ్ల మీద టీఎస్ అలాగే ఉంది. ఈ రెండూ ఒకటే అని ఎక్కడో ఒకచోట రాసి ఉంటే చాలు, గొడవ లేదు.

మూడో నియమం: కోడ్‌ని తీసేయకూడదు. వాడకం ఆపేశాం అని గుర్తు పెట్టి, దాని బదులు ఏది వాడాలో చూపించాలి. దీన్ని 'డెప్రికేట్ చేయడం' అంటారు. పాత కోడ్‌తో పాతికేళ్ల కిందటి ఫైల్ ఎక్కడో ఉంటుంది. అది తెరిచినవాళ్లకి తలుపు మూసి ఉండకూడదు.

తెలుగుకి ఇందులో చోటుందా?

ఇది చాలామంది అడిగే ప్రశ్న. ఈ లిస్టులన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి కదా, మన మాట ఎక్కడ? నిజానికి తెలుగు లోపలికి రావడానికి దారి ఇచ్చేది ఈ కోడే.

ఎలాగంటే, పదజాలాలని కంప్యూటర్‌లో రాయడానికి 'స్కోస్' అనే పద్ధతి ఉంది. 2009లో డబ్ల్యూ3సీ దాన్ని ప్రమాణంగా ఆమోదించింది. అందులో మధ్యలో ఉండేది మాట కాదండీ, భావన. దానికి ఒక ఐడీ. ఆ ఐడీకి ఒక్కో భాషలో ఒక్కో ప్రధాన పేరు, ఎన్నైనా మారుపేర్లు తగిలించొచ్చు. ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ నడిపే ఆగ్రోవాక్ అనే వ్యవసాయ పదకోశం ఇలాగే పనిచేస్తుంది. 40 వేలకు పైగా భావనలు, చాలా భాషల్లో పేర్లు. ఆ భాషల్లో తెలుగు కూడా ఉంది. అందులో 'సీ_12332' అంటే మొక్కజొన్న. డేటా పెట్టినాయన మెయిజ్ అనుకున్నా, వెతికే ఆవిడ మొక్కజొన్న అనుకున్నా, ఇద్దరూ చేరేది ఆ ఐడీ దగ్గరికే.

ఇప్పుడు మన కంది ఉదాహరణకి రండి. నలుగురూ తలొక పేరు రాసినా, ప్రతి పేరు పక్కన ఒకే ఐడీ ఉంటే పీహెచ్‌డీ అమ్మాయికి నాలుగు ఫైళ్లూ దొరికేవి. ఎవరి మాట వాళ్లది, ఐడీ మాత్రం అందరిదీ.

లిస్ట్‌కి అందని సంగతులు

లిస్ట్ పెట్టగానే అన్నీ కుదిరిపోతాయని కూడా చెప్పను. ఎవరో కూర్చుని లోకాన్ని గళ్లుగా విభజించారు. ఆ గళ్లలో పట్టని సంగతులుంటాయి. పులికాట్ సరస్సు మీద డేటా ఉందనుకోండి. ఇందాక చెప్పిన 19 విభాగాల్లో 'లోతట్టు జలాలు' వేరు, 'సముద్రాలు' వేరు. పులికాట్ ఉప్పునీటి సరస్సు, సముద్రపు పోటు లోపలికి వస్తుంది. ఏది ఎంచుకోవాలి? ఆ ప్రమాణంలో ఒకటికి మించి ఎంచుకోవచ్చు, కాబట్టి రెండూ పెట్టొచ్చు. కానీ ఒకటే ఎంచుకోవాలనే ఫారం ఎవరైనా తయారు చేస్తే, సగం మంది ఒకటి, సగం మంది ఇంకోటి నొక్కుతారు. తప్పు నొక్కినవాళ్లది అనలేం. ఫారం చేసినవాళ్లు ఆలోచించాల్సింది.

ఇంకోటి 'ఇతరాలు'. ప్రతి లిస్ట్ చివర ఇది ఉంటుంది. ఇందులోకి చాలా ఎక్కువ వచ్చి పడుతున్నాయంటే లిస్ట్‌లో ఏదో లోపం ఉందని అర్థం. రైతు ఏదో చెప్పాడు, ఫీల్డ్ అసిస్టెంట్‌కి లిస్ట్‌లో అది దొరకలేదు, 'ఇతరాలు' నొక్కాడు. రైతు చెప్పిన అసలు మాట అక్కడితో పోయింది. అందుకే కోడ్ గడి పక్కన, విన్న మాట విన్నట్టుగా రాసే గడి కూడా ఉండాలి. జీవవైవిధ్య డేటా ప్రమాణం డార్విన్ కోర్‌లో ఇందుకోసమే 'వెర్బేటిమ్' అనే మాటతో మొదలయ్యే గళ్లున్నాయి. స్థలం పేరు, తేదీ, నోట్‌బుక్‌లో ఎలా ఉంటే అలాగే రాసుకోవడానికి. కోడ్ వెతకడానికి పనికొస్తుంది. అసలు మాట, ఆ కోడ్ సరిగ్గా వేశారా అని తర్వాత సరిచూడటానికి పనికొస్తుంది.

మీ ల్యాబ్‌లో ఎలా మొదలుపెట్టాలి?

పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. మీ షీట్ తెరవండి. ఒక్కో కాలమ్ చూసుకుంటూ పోండి. ఏ కాలమ్‌లో పదే పదే అవే కొన్ని మాటలు వస్తున్నాయో గుర్తించండి. పంట, యూనిట్, పరికరం, జిల్లా, నాణ్యత, ఇలాంటివి. కోడ్ లిస్ట్ కావాల్సినవి అవే.

తర్వాత, సొంత లిస్ట్ చేయకముందు ఇప్పటికే ఉందా అని వెతకండి. దేశాలకి, భాషలకి ఐఎస్‌ఓ లిస్టులున్నాయి. పంటలకి ఆగ్రోవాక్ ఉంది. వాతావరణ కొలతలకి సీఎఫ్ పేర్లున్నాయి. సముద్రానికి ఇందాక చెప్పిన సర్వర్ ఉంది. ఉన్నది 90 శాతం సరిపోతే దాన్నే వాడండి, మిగతాది చేర్చమని ఆ లిస్ట్ నడిపేవాళ్లని అడగండి. తెరిచి ఉంచిన లిస్టులకి ఇలా అడిగే పద్ధతి ఉంటుంది.

సొంతంగా చేయక తప్పకపోతే ఒక చిన్న పట్టిక చాలు. కోడ్, పేరు, నిర్వచనం, ఎప్పుడు చేర్చారు, ఇంకా వాడకంలో ఉందా, లేకపోతే బదులు ఏది. పైన యజమాని పేరు, వెర్షన్ నంబర్. యజమాని అంటే ల్యాబ్ పేరు రాయండి, విద్యార్థి పేరు కాదు. విద్యార్థి వెళ్లిపోతారు. యూనిట్ దగ్గర మరీ జాగ్రత్త. 'ఎకరాకి 30 బస్తాలు' అంటే బస్తా 75 కిలోలదా, 40 కిలోలదా? అది నిర్వచనంలో లేకపోతే ఆ దిగుబడి ఎవరికీ పనికిరాదు. నేల కొలతలో ఒకరు కుంటల్లో రాస్తారు, ఒకరు సెంట్లలో రాస్తారు. ఎకరానికి 40 కుంటలు, 100 సెంట్లు. రెండూ సరైనవే, ఏది అన్నది మాత్రం రాసి ఉండాలి.

డేటా ఫైల్‌తో పాటు ఆ లిస్ట్ కాపీ కూడా పెట్టండి. వెబ్‌సైట్ ఎప్పుడైనా మూతపడొచ్చు. కోడ్, పేరు, లిస్ట్ చిరునామా, వెర్షన్ నాలుగూ ఫైల్‌లో ఉంటే ఆ ఫైల్ తన కాళ్ల మీద తను నిలబడుతుంది.

ఎక్సెల్‌లో డ్రాప్‌డౌన్ పెడితే టైపింగ్ తప్పులు తగ్గుతాయి. కానీ సాఫ్ట్‌వేర్ చేసే చిలిపి పనుల మీద ఒక కన్ను ఉంచండి. నమీబియా దేశం రెండక్షరాల కోడ్ 'ఎన్‌ఏ'. ఆర్, పైథాన్‌లోని పాండాస్ లాంటివి ఫైల్ చదివేటప్పుడు 'ఎన్‌ఏ' కనిపిస్తే, ముందుగా చెప్పకపోతే, విలువ లేదు అనుకుంటాయి. దేశమే మాయమైపోతుంది. కోడ్ ఉన్న కాలమ్‌ని అక్షరాలుగానే చదవమని ప్రోగ్రామ్‌కి చెప్పాలి.

చివరగా ఒక పరీక్ష. మీ ఫైల్‌ని మీ సబ్జెక్టే అయినా మీ ల్యాబ్‌లో లేని ఒకరికి ఇవ్వండి. మీరు పక్కన కూర్చోకుండా, ఫోన్ ఎత్తకుండా, ప్రతి కోడ్ అర్థం వాళ్లంతట వాళ్లే చెప్పగలిగితే మీ పని బాగుంది. ఎక్కడ ఆగి 'ఇదేంటి?' అన్నారో అక్కడ నిర్వచనం రాయండి. మీరు అందుబాటులో ఉన్నప్పుడే ఈ పరీక్ష పెట్టుకోండి. ఇవాళ అడిగితే చెప్పడానికి మీరున్నారు, ఇరవై ఏళ్ల తర్వాత ఫైల్ ఒక్కటే ఉంటుంది.

వచ్చే ఎపిసోడ్‌లో, రెండు వేర్వేరు లిస్టులని ఒకదానికొకటి ఎలా జోడించాలి, 'సరిగ్గా అదే' అనడానికి, 'దాదాపు అదే' అనడానికి తేడా ఏంటి అన్నది చూద్దాం. అప్పటిదాకా మీ షీట్‌లో ఒక్క కాలమ్‌కైనా నిర్వచనాలు రాసి చూడండి.